అద్దాల బీరువాలో జగ్గు



2014 వేసవిలో ఇంగ్లాండులో ఆరు వారాల పాటు ఒక విచారణ చూసుకోవలసి వచ్చింది. అక్కడి విచారణ గురువులు వైద్యం కోసం సెలవు మీద వెళ్ళారు. ఊరి పేరు స్టోక్-ఆన్-ట్రెంట్. పేరుకు ఒకే నగరం గానీ, నిజానికి ఆరు ఊళ్ళు కలిసి 1910లో ఒకటయ్యాయి. రెండు వందల యేళ్ళకు పైగా ఆ ఊళ్ళకు కూడు పెట్టింది కుమ్మరి పనే. సీసా ఆకారంలో ఉండే పాత ఇటుక బట్టీలు ఇప్పటికీ అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. అక్కడివాళ్ళు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు పళ్ళెం బోర్లించి, అడుగున ఏ కార్ఖానా ముద్ర ఉందో చూసుకుని, ఆ తరువాతే వడ్డించుకుంటారట. తమ మీద తామే వేసుకునే హాస్యం అది. నేను చూసినంతలో అది హాస్యం కాదు, నిజమే.

మొదటి ఆదివారం పూజ అయ్యాక ఎనభై దాటిన ఒకావిడ సక్రిస్తీ గుమ్మం దగ్గర నిలబడ్డారు. "ఫాదర్, ఒక జగ్గును ప్రేమించడం పాపమా?" అని అడిగారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "మంగళవారం టీకి రా, డక్, నువ్వే చూద్దువు గాని" అన్నారు. డక్ అంటే బాతు. ఆ ప్రాంతంలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను ముద్దుగా అలాగే పిలుస్తారు, గురువు అని మినహాయింపు ఏమీ లేదు. ఒక మాట ముందే చెప్పాలి. ఇది పాపసంకీర్తనంలో విన్న సంగతి కాదు. అలా అయితే రాసేవాణ్ణే కాను. రాయమని ఆవిడే అన్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

చిన్న ఇల్లు. ముందు గదిలో అద్దాల బీరువా. అందులో ముప్పై దాకా వస్తువులు, అన్నీ చేత్తో రంగులు వేసినవే. నలభై యేళ్ళుగా శనివారం సంతల్లో, దేవాలయాల కోసం జరిగే పాత సామాను అమ్మకాల్లో, ఒక్కొక్కటిగా కొన్నవి. పొయ్యి మీది అరకు అటూ ఇటూ పెట్టుకునే జంట కుక్కలు, గుర్రమెక్కిన సైనికుడు. ఆ బొమ్మల్ని చేత్తో తిప్పి చూపించారు. ముందు వైపు రంగులు, బంగారు గీతలు. వెనక వైపు బల్లపరుపుగా, బోడిగా, తెల్లగా ఉంది. గోడకు ఆనించి పెట్టే బొమ్మకు వీపు ఎవరు చూస్తారు? రంగు దండగ అని వదిలేశారు. విక్టోరియా రాణి కాలంలో ఇటువంటి బొమ్మల్ని అచ్చుల్లో వత్తి వేలకు వేలు చేశారు. ఆ పనిలో చిన్నపిల్లలు కూడా ఉండేవారు.

ఇంకో బొమ్మ నాకు ప్రత్యేకంగా చూపించారు. ఎందుకో వెంటనే అర్థమైంది. చెట్టు కింద ముగ్గురు. ఒకాయన బొద్దుగా ఉన్న పాదిరి, దశమభాగం వసూలు చేసుకోవడానికి వచ్చాడు. రైతు పంది పిల్లను ఎత్తుకుని నిలబడ్డాడు. రైతు భార్య మాత్రం తన పదో బిడ్డను పాదిరి చేతికి ఇస్తోంది. పంటలో, పశువుల్లో పదో వంతు నీదే అయితే ఈ పదోవాణ్ణి కూడా నువ్వే పెంచుకో అన్నమాట. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో ఆ దేశంలో ఈ బొమ్మ బాగా అమ్ముడుపోయింది. ఆ పాదిరి మన శ్రీసభవాడు కాదు, ఆంగ్లికన్ సంఘంవాడు. అయినా ఆ బొద్దు ముఖం చూస్తే నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది. ఆవిడ దాన్ని చవగ్గా కొన్నారు, పాదిరి చెయ్యి విరిగి అతికించి ఉండటం వల్ల.

ఇక జగ్గు. జానెడు ఎత్తు ఉంటుందేమో. పైన పసుపు పట్టీ, అది ఎండ. కింద గోధుమరంగు పట్టీ, అది నేల. మధ్యలో నారింజ, నీలం, ఊదా రంగుల్లో క్రోకస్ పూలు. చలికాలం పోతూ ఉండగా నేలలోంచి పొడుచుకొచ్చే చిన్న పూలు అవి. ఈ నమూనాను 1928లో క్లారిస్ క్లిఫ్ అనే ఆవిడ రూపొందించారు. పదమూడో యేట కార్ఖానాలో పనికి చేరి, గిన్నెల అంచులకు బంగారు గీతలు గీయడం నేర్చుకున్న ఆడపిల్ల. 1927లో యజమాని ఆమెకు ఒక చిన్న చిత్రశాల ఇచ్చాడు, రంగులు వేయడానికి గోదాములో పేరుకుపోయిన పాత సరుకు ఇచ్చాడు. సొట్టలు, చుక్కలు ఉండి అమ్ముడుపోని సరుకు అది. ఆమె వాటి మీద ముదురు రంగుల త్రికోణాలు వేయించారు, లోపాలు కనపడకుండా పోయాయి. కార్ఖానా వాళ్ళే ఆశ్చర్యపడేటట్టు సరుకు అమ్ముడుపోయింది. తరువాత కొద్ది యేళ్ళకే క్రోకస్ పూలు తప్ప ఇంకేమీ వేయని ఆడపిల్లలు ఇరవైమంది ఒకే గదిలో కూర్చునేవారు. కుంచెను కింది నుంచి పైకి ఒక్క ఊపులో లాగితే ఒక రేకు. పూలన్నీ అయ్యాక జగ్గును తలకిందులు చేసి సన్నని ఆకుపచ్చ గీతలు లాగితే ఆకులు. దిద్దడం ఉండదు. చెయ్యి వణికితే ఆ వణుకు అలాగే కాలిపోయి నిలిచిపోతుంది.

"మా అమ్మ ఇంకో కార్ఖానాలో ఇలాగే పూలు వేసేది. మా నాన్న మట్టి పనిలో ఉండేవాడు. యాభై రెండో యేట దుమ్ముతో పోయాడు" అన్నారావిడ. పింగాణీ తెల్లగా, గట్టిగా రావడానికి చెకుముకి రాయిని కాల్చి పొడి చేసి మట్టిలో కలిపేవారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి గడ్డకట్టేది. ఆ జబ్బుకు కుమ్మరి కుళ్ళు అనే పేరే ఉంది. మెరుగు పూతలో సీసం కలిపేవారు. ఆ ద్రావకంలో చేతులు ముంచి పనిచేసిన ఆడవాళ్ళకు చేతులు పడిపోవడం, గర్భాలు నిలవకపోవడం అక్కడ అందరికీ తెలిసిన సంగతి. 1898లో ప్రభుత్వం ఇద్దరు నిపుణుల చేత విచారణ జరిపించింది. సదర్లాండ్ ప్రభువు భార్య మిలిసెంట్ ఈ విషయం మీద గట్టిగా పోరాడింది. అయినా పచ్చి సీసం పూత పూర్తిగా పోవడానికి 20వ శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది.

"ఆ బట్టీలు మా నాన్నను తినేశాయి. అయినా పొద్దున్నే ఎండ ఆ బీరువా మీద పడినప్పుడు ఆ జగ్గును చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది, ఫాదర్. ఆ సంతోషం తప్పా?" ఇదీ ఆవిడ అసలు ప్రశ్న. దాని వెనక ఇంకొకటి ఉంది, చివరకు అదీ చెప్పారు. కార్ఖానా మూతబడి కొడుక్కు పని పోయింది. అప్పులున్నాయి. వాడు అడగలేదు. కానీ ఈ బీరువాలో ఉన్నవాటికి లండనులో ఎంత ధర పలుకుతుందో వాడికీ తెలుసు, ఆవిడకూ తెలుసు. క్లారిస్ క్లిఫ్ గీయించిన పెద్ద పళ్ళెం ఒకటి 2004లో వేలంలో ముప్పై వేల పౌండ్లు దాటింది. ఆవిడ దగ్గర ఉన్నవి అంతటివి కావు. అయినా తీసిపారేసేవి కావు.

నేనేం చెప్పాను? సువార్తలో ధనికుడైన యువకుడి కథ చెప్పాను. నిధి ఉన్నచోటే హృదయం ఉంటుందన్నాను. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి, ఒక కప్పు టీ చల్లారేలోపు తీర్పు చెప్పేశాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, "చాలా త్వరగా చెప్పేశావు, డక్" అన్నారు. తరువాతి రెండు ఆదివారాలు పూజకు వచ్చారు గానీ సక్రిస్తీ వైపు రాలేదు.

ఆ రెండు వారాలూ నేను ఆలోచించింది ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. మీ ఇళ్ళలోనూ అద్దాల బీరువాలున్నాయి కదా. పెళ్ళికి వచ్చిన కప్పుల సెట్టు, బిషపుగారు వచ్చిన రోజున తప్ప బయటికి తీయనిది.

ముందుగా ప్రేమించడం సంగతి. పునీత అగస్తీను వారు మనం వస్తువులతో వ్యవహరించే తీరును రెండుగా విడదీశారు: ఒకటి వాడుకోవడం, రెండు వాటిలోనే తృప్తిపడి నిలిచిపోవడం. నిలిచిపోదగినవాడు దేవుడొక్కడే, మిగతావన్నీ ఆయన దగ్గరికి పోయే దారిలో వాడుకునేవి అని ఆయన భావం. సరే. కానీ అద్దాల వెనక జగ్గును ఆవిడ వాడుకోవడం లేదే! పాలు పోయలేదు, నీళ్ళు పోయలేదు. చూస్తున్నారు, అంతే. దీన్ని ఏ లెక్కలో వేస్తాం? ఇక్కడ నాకు పునీత తోమాసు అక్వినాసు వారు తోడు వచ్చారు. చూసినంత మాత్రాన సంతోషపెట్టేది అందమైనది అని వారి నిర్వచనం. ఇందులో ఒక పెద్ద సంగతి దాగి ఉంది. రొట్టెను నేను తింటే మీకు ఉండదు. అందాన్ని నేను చూస్తే మీకు ఒక్క చుక్క కూడా తగ్గదు. అంటే అందం అనేది స్వభావం చేతనే పంచుకునేది. మరి దాన్ని కొని బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం దేనికి? చూడటానికి సొంతం కానక్కర లేదే. వీధి చివర మ్యూజియంలో ఉచితంగా చూడవచ్చు.

ఈ వాదన నాకు మొదట బాగా నచ్చింది. తరువాత అందులో లోటు కనపడింది. సొంతం చేసుకున్నవాడు చూడటమే కాదు, కాపాడతాడు. దుమ్ము దులుపుతాడు, పగుళ్ళు వెతుకుతాడు, పిల్లలు వచ్చినప్పుడు గుండె అరచేత పట్టుకుంటాడు. ఆ పాత జగ్గులు ఇవాళ మ్యూజియంలో ఉన్నాయంటే, ఎవరికీ అక్కర లేనప్పుడు ఎవరో ఇంట్లో పెట్టుకుని పగలనివ్వలేదు కాబట్టే. లేడీ షార్లెట్ ష్రీబర్ అనే ఆవిడ భర్తతో కలిసి యూరప్ అంతా తిరిగి పింగాణీ కొన్నది. భర్త పోయాక 1884లో ఆయన జ్ఞాపకార్థం ఇంగ్లీషు సామాను సుమారు 1,800 లండనులోని మ్యూజియానికి ఇచ్చేసింది. కేంబ్రిడ్జిలో గ్లైషర్ అనే గణిత పండితుడు 1928లో చనిపోతూ మూడు వేల దాకా వస్తువుల్ని అక్కడి ఫిట్జ్‌విలియం మ్యూజియానికి రాసిచ్చాడు. బ్రైటన్ ఊళ్ళో హెన్రీ విల్లెట్ అనే బీరు వ్యాపారి పేదవాళ్ళ పొయ్యి అరల మీది బొమ్మలే కొన్నాడు. దేశ చరిత్ర సామాన్యుడి ఇంటి పింగాణీ మీద రాసి ఉంటుందని ఆయన నమ్మకం. రాజులు, యుద్ధాలు, హంతకులు, బోధకులు, అన్నీ విడివిడిగా వర్గాలు చేసి 1903లో ఊరికి ఇచ్చేశాడు. తోమాసు వారు ఆస్తి గురించి చెప్పింది కూడా ఇదే దారి: సంపాదించి నిర్వహించే హక్కు ఒక మనిషికి ఉండవచ్చు, వాడకం మాత్రం అందరిదీ అన్నట్టుగా ఉండాలి. ఈ ముగ్గురినీ మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి. ముగ్గురూ కలిగినవాళ్ళు. అప్పుల్లో ఉన్న కొడుకు ఎదురుగా కూర్చుని ఉండగా ఇవ్వలేదు.

ఇంకో పరీక్ష ఉంది. క్లారిస్ క్లిఫ్ వస్తువులకు ధర పెరిగాక నకిలీలు వచ్చాయి. రేపు ఎవరో వచ్చి, మీ జగ్గు నకిలీది అన్నారనుకోండి. నిన్న ఉన్న పూలే ఇవాళా ఉన్నాయి. పసుపు పట్టీ అలాగే ఉంది. కంటికి ఏమీ తగ్గలేదు. అయినా మనసు విరిగిపోతుంది. ఎందుకు? ధర పోయిందని అయితే, ఇన్నాళ్ళూ ప్రేమించింది జగ్గును కాదు, అడుగున ఉన్న ముద్రను. కానీ అందరి బాధా అదే కాకపోవచ్చు. చనిపోయిన అమ్మ రాసిన ఉత్తరం అని దాచుకున్నది వేరే ఎవరో నకలు రాసిందని తెలిస్తే మనకు ఎందుకు బాధ? మాటలు అవే కదా. అమ్మ చెయ్యి అందులో లేదు కాబట్టి. పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె 1930 ప్రాంతంలో ఒక రోజు, లెక్క ప్రకారం డజన్లు పూర్తి చేయాల్సిన తొందరలో ఆ రేకును లాగింది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. ఆ ఊపు ఉంది. ఆవిడ ప్రేమించింది దీన్నే అయితే, దాన్ని వస్తువుల మోజు అని పిలవడం నా తొందరపాటే.

తండ్రి ఊపిరి సంగతికి కూడా ఇక్కడే కొంత జవాబు ఉంది, పూర్తిగా కాదు. దుఃఖంతో తయారైన అందాన్ని చూసి సంతోషించకూడదంటే మన పెద్ద దేవాలయాల్లో సగం వైపు తలెత్తి చూడకూడదు. వాటి కోసం రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు? పనివాడికి అన్యాయం జరిగింది నిజం. ఆ పనివాడు అందమైన పని చేశాడన్నదీ నిజం. మొదటి నిజం కోసం రెండోదాన్ని కొట్టేస్తే ఆయనకు మిగిలిన ఒక్క గౌరవం కూడా లాక్కున్నట్టే. నా మటుకు నేను తప్పు అనేది, వీపు రంగు లేని బొమ్మను ఎప్పటికీ ముందు నుంచే చూడటం. ఆవిడ అలా చూడలేదు. దుమ్ము సంగతి తెలిసే చూశారు. తెలియనివాడి సంతోషం కంటే ఆ సంతోషం బరువైనది. దాన్ని పాపం అనే అధికారం నాకు ఉందనుకోను.

ఇక మిగిలింది కొడుకు సంగతి. ఆ వేసవిలో ఊరంతా ఒకటే చర్చ. వెడ్జ్‌వుడ్ అనే ప్రసిద్ధ పింగాణీ సంస్థ 2009లో కూలిపోయింది. పనివాళ్ళ పింఛను నిధిలో 13 కోట్ల 40 లక్షల పౌండ్ల లోటు తేలింది. ఆ సంస్థకు చెందిన మ్యూజియం వేరే ధర్మకర్తల చేతిలో ఉంది. కానీ మ్యూజియం ఉద్యోగులు ఐదుగురు అదే పింఛను పథకంలో ఉండటం వల్ల, మొత్తం బాకీ మ్యూజియం మెడకు చుట్టుకుంది. బాకీ కోసం అక్కడి వస్తువుల్ని అమ్మవచ్చని 2011లో కోర్టు చెప్పింది. రెండున్నర శతాబ్దాల పనితనం, ఎనభై వేలకు పైగా వస్తువులు, కాగితాలు. పూజ తరువాత టీ దగ్గర రెండు పక్షాలూ వినపడేవి. "మా తాతల చేతి పని అమ్ముతారా?" అని ఒకరు. "నా పింఛను కూడా నా చేతి పనే" అని ఇంకొకరు.

నాకు పునీత అంబ్రోసు వారు గుర్తుకొచ్చారు. నాలుగో శతాబ్దంలో గోతు జాతివాళ్ళు జనాన్ని చెరపట్టి తీసుకుపోతే, మిలాను పీఠాధిపతిగా ఆయన దేవాలయపు బంగారు పాత్రల్ని కరిగించి వాళ్ళను విడిపించారు. పవిత్ర పాత్రల్ని పాడుచేశాడని కొందరు నిందించారు. క్రీస్తు రక్తం దేన్ని విడిపించిందో ఆ పాత్రలూ దాన్నే విడిపించాయని ఆయన జవాబు సారాంశం. కానీ గమనించండి, ఆయన పాత్రల్ని ప్రేమించకుండా కరిగించలేదు. ఎందుకూ పనికిరాని బంగారం అనుకుని ఉంటే అది త్యాగమే కాదు. వెడ్జ్‌వుడ్ మ్యూజియం సంగతి వేరేలా ముగిసింది. ఆ సెప్టెంబరులో విజ్ఞప్తి చేస్తే ఒక నెలలోనే కావలసిన కోటీ 57 లక్షల 50 వేల పౌండ్లు సమకూడాయి. నిధుల సంస్థలతో పాటు మామూలు జనం కూడా ఇచ్చారు. బాకీకి డబ్బు చేరింది, వస్తువులు జాతి సొత్తుగా అక్కడే ఉండిపోయాయి. మంచి ముగింపే. కానీ ఒక ముసలావిడ బీరువా కోసం ఏ దేశమూ చందాలు వేసుకోదు. ఆవిడకు రెండూ దక్కవు.

అందుచేత నేను మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. ముందు చెప్పినదాన్ని వెనక్కి తీసుకున్నాను. ప్రేమించడం పాపం కాదన్నాను, ఆ ప్రేమలో మీ అమ్మా నాన్నా ఉన్నారన్నాను. అమ్మాలా వద్దా అన్నది నేను చెప్పలేనన్నాను. కొడుకు అవసరం నిజమైనదైతే ఆ వస్తువుల మీద వాడికీ హక్కుందని తోమాసు వారు అంటారని మాత్రం చెప్పాను. "అది నాకు తెలుసు. వాడు అడగకముందే ఇవ్వాలి, అదే కష్టం" అన్నారు. కాసేపటికి, "అమ్మితే దుకాణంవాడు ముందు బోర్లించి చూస్తాడు. అది చూడలేను, డక్. నువ్వు కూడా రా" అన్నారు.

వెళ్ళాను. వేలం వేసే కార్యాలయపు మనిషి మర్యాదస్తుడే. ఒక్కొక్కటీ బోర్లించి చూసి, రాసుకుని, మెత్తటి కాగితంలో చుట్టాడు. కుక్కలు వెళ్ళాయి, గుర్రం మీది సైనికుడు వెళ్ళాడు, పళ్ళేలు, పూలకుండీలు వెళ్ళాయి. చెయ్యి విరిగిన పాదిరిని అతను ఇష్టపడలేదు, ఆయన బీరువాకే తిరిగొచ్చాడు. క్రోకస్ జగ్గును ఆవిడ సంచిలోంచి తీయనే లేదు. కొడుకుతో ఏం చెప్పారో, ఎంత ఇచ్చారో నేను అడగలేదు.

ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు, పూజకు అరగంట ముందే ఆవిడ వచ్చారు. చేతిలో జగ్గు, దాన్నిండా పెరట్లో కోసిన స్వీట్ పీ పూలు. నలభై యేళ్ళలో దాంట్లో నీళ్ళు పోయడం అదే మొదటిసారి అన్నారు. మరియమాత స్వరూపం దగ్గర పెట్టడానికి పదేళ్ళ పీఠ బాలకుడొకడు దాన్ని అందుకున్నాడు. వాడి బూటు లేసు ఊడి ఉంది. మెట్లు మూడు. ఆవిడ ముందు బల్ల దగ్గర మోకాళ్ళ మీద ఉన్నారు గానీ, కళ్ళు మాత్రం వాడి రెండు చేతుల మీదే ఉన్నాయి. నా కళ్ళూ అక్కడే ఉన్నాయి. పూజ ఆరంభం రెండు నిమిషాలు ఆలస్యమైంది.